నానమ్మ చెప్పిన కిరసనాయిలు వాసన

మా ఇంట్లో ఒక మాట ఉంది. కారు దగ్గర ఏ శబ్దం వచ్చినా, ఏ వాసన వచ్చినా, ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు. "పాత బండి కదా, అంతే." ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఏమీ అడగరు. నేనూ చాలాసార్లు అన్నాను. ఆ మాట ఎందుకు ప్రమాదమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దగా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు తేడా వస్తే సర్దుకోండి. ఇంకోటి, నేను మెకానికల్ కాదు, సీఎస్ఈ. మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుకునే తప్పులుంటే క్లబ్ మీటింగ్‌లో చెప్పండి, దిద్దుకుంటాను.

మాది పెదపాడు. నాన్న ఒక చేపల మేత కొట్టులో లెక్కలు రాస్తారు. కొల్లేరు వైపు కౌలుకి తీసుకున్న చిన్న చెరువు కూడా ఉంది. మా కారు 1999 మోడల్ మారుతి 800, అంటే నా కన్నా పెద్దది. కార్బురేటర్ బండి. నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, మళ్ళీ ఐదేళ్ళకోసారి చొప్పున ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తూ వస్తున్నారు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మా వైపు రోడ్ల మీద అవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. చాలా ఇళ్ళలో అదే మొదటి కారు, అదే ఆఖరి కారు కూడా.

పోయిన దసరాకి అందరం విజయవాడ అమ్మవారి దర్శనానికి బయల్దేరాం. నాన్న డ్రైవింగ్, అమ్మ ముందు సీట్లో. వెనకాల నేను, అక్క, నానమ్మ. అక్కని తాడేపల్లిగూడెం ఇచ్చాం, పండక్కి వచ్చింది. అప్పుడు తనకి మూడో నెల. నానమ్మ ఎప్పుడు కారెక్కినా వెనక సీట్లో ఒకటే వైపు కూర్చుంటుంది, పెట్రోల్ మూత ఉన్న వైపు. అటు డోర్ తేలిగ్గా తెరుచుకుంటుందని.

హనుమాన్ జంక్షన్ దాటాక నానమ్మ అంది, "ఒరే, కారులో కిరసనాయిలు ఒలికిందేమో చూడరా, కంపు కొడుతోంది."

నాన్న నవ్వారు. "కారులో కిరసనాయిలు ఎందుకుంటుందమ్మా?" అమ్మ కూడా నవ్వింది. ఇంకాసేపటికి అక్క కిటికీ దించి మొహం బయట పెట్టింది. వాంతి వచ్చేలా ఉంది, ఏదో వాసన అంది. అమ్మ వెనక్కి తిరిగి, "వేవిళ్ళు కదే, ఈ టైములో అన్నీ అలాగే అనిపిస్తాయి. నాకు నువ్వు కడుపులో ఉన్నప్పుడు పోపు వాసన కూడా పడేది కాదు" అని నిమ్మకాయ ఇచ్చింది.

నాకేమో ఏ వాసనా తెలియలేదు. అందుకే ఫోన్ తీసి, చాలా తెలిసినట్టు, "కార్బురేటర్ బళ్ళలో కొంచెం పెట్రోల్ వాసన నార్మలే అట" అని చదివి వినిపించాను. నానమ్మది ఛాదస్తం, అక్కది వేవిళ్ళు, నాది గూగుల్. కారులో ఐదుగురం ఉన్నాం. వాసన వచ్చిన ఇద్దరి మాట చెల్లలేదు, రాని ముగ్గురి మాట చెల్లింది.

దీని గురించి తర్వాత చాలా ఆలోచించాను. మా హైదరాబాద్ అత్త ఎప్పుడొచ్చినా ఏలూరు దాటగానే ముక్కు మూసుకుంటుంది. "మీరు ఈ చెరువుల వాసన ఎలా భరిస్తున్నారే?" అంటుంది. మాకు ఏ వాసనా ఉండదు. అంటే వాసన లేదని కాదు కదా, మా ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేసింది. మన ముక్కు పని చేసే పద్ధతే అది. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కొన్ని నిమిషాల్లోనే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొత్త వాసన ఏదైనా వస్తే పట్టుకోవడానికి అలా ఖాళీ చేసుకుంటుంది. మేలే, కానీ పాత వాసన ప్రమాదకరమైనదైతే ఆ మేలే కీడు.

రోజూ ఆ కారులో తిరిగేది నాన్న, అప్పుడప్పుడు నేను. మాకు వాసన తెలియకపోవడం వాసన లేదనడానికి సాక్ష్యం కాదు. నానమ్మ నెలకోసారి ఎక్కుతుంది. అక్క పండగలకి ఎక్కుతుంది. ఆ కారుకి సంబంధించి మా ఇంట్లో పని చేస్తున్న ముక్కులు ఆ రెండే. అందులోనూ ఒకటి కడుపుతో ఉన్న మనిషిది. కడుపుతో ఉన్నప్పుడు వాసనలు ఎక్కువ ఇబ్బంది పెడతాయని అందరికీ తెలుసు. లేని వాసన పుట్టుకొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. వాసన ఉంటేనే కదా ఇబ్బంది పెట్టేది!

నానమ్మ "కిరసనాయిలు" అంది కాబట్టి కొట్టేశాం. ఆవిడ చిన్నప్పటి నుంచీ మండే నూనె అంటే కిరసనాయిలే. పేరు తప్పు, సమాచారం కరెక్టు. మన ప్రాజెక్టుల్లో యూజర్ "నా ఇంటర్నెట్ పోయింది" అంటాడు, మనం చూస్తే లాగిన్ పేజీ పడిపోయి ఉంటుంది. పదం తప్పని టికెట్ మూసేస్తామా? ఇంట్లో మాత్రం మూసేశాం.

విజయవాడ నుంచి వచ్చాక అక్క మళ్ళీ గట్టిగా చెప్పింది కాబట్టి నాన్న డిక్కీ తీసి చూశారు. చెరువు గట్ల మీద గడ్డి కోసే మిషను కోసం ఐదు లీటర్ల క్యాన్‌లో పెట్రోలు అందులో ఉంది. "ఇదిగో దొంగ!" అన్నారు. క్యాన్ తీసేశారు. అది అసలు అక్కడ ఉండకూడదు, మనుషులున్న కారులో ప్లాస్టిక్ క్యాన్‌తో పెట్రోలు మోయడం తప్పే. ఎలాగూ షెడ్డుకి వెళ్ళారు కాబట్టి కార్బురేటర్ కూడా విప్పించి శుభ్రం చేయించారు. తర్వాత నెల రోజులు ఎవరూ ఏమీ అనలేదు. కేసు క్లోజ్.

కార్తీకమాసంలో ఒక సోమవారం భీమవరం సోమారామానికి వెళ్ళాం. మళ్ళీ అదే వాసన. నానమ్మ ఈసారి ఏమీ అనలేదు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అది చూసి నాకు బాధేసింది. మనం ఒకసారి నవ్వితే రెండోసారి వాళ్ళు చెప్పరు.

నాన్న మళ్ళీ షెడ్డుకి తీసుకెళ్ళారు. ఈసారి పెట్రోల్ పంపు మార్చారు. మా బండిలో ఇంజనుకి ఆనుకుని మెకానికల్ పంపు ఉంటుంది. లోపలి రబ్బరు పొర చిరిగితే పెట్రోలు కారుతుంది, ఒక్కోసారి ఇంజన్ ఆయిల్‌లో కూడా కలుస్తుంది. అనుమానం సరైనదే, కానీ ఎవరూ చూసి నిర్ధారించుకోలేదు. పాత పంపు విప్పాక పొర బాగానే ఉంది. అయినా కొత్తది వేసేశారు. రెండు రిపేర్లకి కలిపి మూడు వేల పైన అయింది. మళ్ళీ కొన్నాళ్ళు వాసన లేదు. మళ్ళీ కేసు క్లోజ్. మళ్ళీ తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్తుంటే వాసన.

ఈలోగా పక్కింటి అంకుల్ అసలు కారణం తేల్చేశారు. "ఇదంతా ఈ20 వల్లే. వాట్సాప్‌లో చూళ్ళేదా?" ఈ గొడవ మీరందరూ వినే ఉంటారు కాబట్టి తెలిసినంతవరకు చెప్తాను. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలైంది. మొదట 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కి ముందుకు జరిపారు. పాత బళ్ళకి ఇది పడదని గొడవ పెద్దదయ్యాక 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది ఖర్చు తక్కువ పని అని అందులో ఉంది. సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దీని మీద వేసిన పిల్‌ని కొట్టేసింది.

అంకుల్ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బరు దాని వల్ల ఉబ్బొచ్చు, గట్టిపడొచ్చు, పగలొచ్చు. కానీ "ఈ20 వల్లే" అనేది కూడా "పాత బండి కదా" లాంటి మాటే. అది కారణం పేరు చెప్తుంది, చోటు చెప్పదు. ఈ20 ఏ ట్యూబుని పాడు చేసింది? ఎక్కడ కారుతోంది? ఆ ప్రశ్న అడక్కుండా గవర్నమెంటుని తిట్టుకుని కారెక్కి కూర్చుంటే వాసన అలాగే ఉంటుంది, మనం వాదన గెలిచామన్న తృప్తి తప్ప.

పెళ్ళి నుంచి వచ్చిన రోజు రాత్రి నేను అమ్మ పద్దు పుస్తకం తీశాను. అమ్మ పాల లెక్క నుంచి పెట్రోలు దాకా అన్నీ తారీఖు వేసి రాస్తుంది. మనం లాగ్స్ అంటామే, అవే. నాన్న మామూలుగా ఐదొందలకి కొట్టిస్తారు. పేజీల నిండా 500, 500, 500. మధ్యలో మూడు చోట్ల మాత్రం "ఫుల్ ట్యాంక్" అని ఉంది. దసరా ముందు రోజు. భీమవరం వెళ్ళిన రోజు పొద్దున. పెళ్ళికి ముందు రోజు. మూడు ఫుల్ ట్యాంకులు, మూడు వాసనలు.

ఎగిరి గంతేశాను. తర్వాత డౌట్ వచ్చింది. ఆ మూడు రోజులే కదా నానమ్మ కారెక్కింది! మిగతా రోజుల్లో వాసన వచ్చినా చెప్పే ముక్కు కారులో లేదు. కారణం ఫుల్ ట్యాంకా, లేక వాసన ఎప్పుడూ ఉండి నానమ్మ వచ్చినప్పుడే బయటపడుతోందా? పద్దు పుస్తకం ఒక్కటే చూస్తే ఈ రెంటినీ విడదీయలేం.

అందుకని చిన్న పరీక్ష పెట్టాం. ట్యాంకు సగం కన్నా తక్కువ ఉన్న రోజు నానమ్మని బతిమాలి కారెక్కించి ఏలూరు దాకా వెళ్ళొచ్చాం. "ఇప్పుడు లేదు" అంది. రెండు రోజుల తర్వాత ఫుల్ ట్యాంక్ కొట్టించి అదే రోడ్డు, అదే సీటు. బంకు దాటి రెండు మలుపులు తిరగ్గానే, "వచ్చిందే అమ్మాయ్, నీ కిరసనాయిలు" అంది. ఈసారి నవ్వింది నానమ్మ.

మొదటి రెండు రిపేర్ల తర్వాత వాసన ఎందుకు తగ్గిందో కూడా అప్పుడే అర్థమైంది. క్యాన్ తీసినందుకు కాదు, పంపు మార్చినందుకూ కాదు. ఊరెళ్ళొచ్చాక ట్యాంకు ఖాళీ అయింది, మళ్ళీ ఐదొందల రోజులు మొదలయ్యాయి, నానమ్మ ఇంట్లో ఉంది. మేం ఏం మార్చినా మార్చకపోయినా వాసన పోయేదే. కోడ్‌లో ఏదో ఒక లైన్ మార్చి, బగ్ కనపడకపోతే "ఫిక్స్‌డ్" అని పెట్టేయడం మనకి అలవాటే కదా. బగ్‌ని మళ్ళీ రప్పించలేనప్పుడు అది పోయిందని చెప్పే హక్కు మనకి లేదు.

తర్వాత నేను చదివి, మెకానిక్ బాబాయ్‌ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పాత బండి ఉంటే పనికొస్తాయి. వాసన "ఎక్కడి నుంచి" అని ముందు అడక్కండి, "ఎప్పుడు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే సగం బండి అనుమానంలోంచి బయటికి వెళ్ళిపోతుంది.

ఫుల్ ట్యాంక్ అప్పుడు, మలుపుల్లో, ఎండలో పెట్టినప్పుడు వస్తుంటే ట్యాంకు పైభాగం చూడాలి. మూత లోపలి రబ్బరు, మూత నుంచి ట్యాంకుకి దిగే లావు పైపు, దాని పక్కనుండే సన్నని గాలి ట్యూబు, ట్యాంకు పైన పెట్రోల్ ముల్లుకి సంబంధించిన యూనిట్ కింద ఉండే ప్యాకింగ్. పెట్రోలు ఆ ఎత్తుకి చేరినప్పుడే కదా అక్కడి పగులు బయటపడేది.

పొద్దున్నే చల్ల ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే చోక్ వల్ల కావచ్చు. చోక్ లాగితే పెట్రోలు ఎక్కువ వెళ్తుంది, కాలనిది సైలెన్సర్ నుంచి వస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా పోకపోతే, సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంటే, కార్బురేటర్ ఎక్కువ పెట్రోలు ఇస్తోందని అర్థం. ఆ పొగ డిక్కీ డోర్ చుట్టూ ఎండిపోయిన రబ్బరు సందుల్లోంచి లోపలికి వస్తుంది.

వేడి ఇంజన్ ఆపి పార్క్ చేశాక బానెట్ దగ్గర వస్తే, ఆ వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరవుతోందేమో చూడాలి. లోపలి నీడిల్ సరిగ్గా మూసుకోక పొంగుతూ ఉండొచ్చు కూడా. ఆయిల్ డిప్ స్టిక్ తీసి వాసన చూసినప్పుడు పెట్రోలు వాసన వచ్చి, ఆయిల్ ఉండాల్సిన గీత కన్నా పైకి వస్తే పంపు మీద అనుమానం పెట్టుకోవచ్చు. మా పంపు మార్చే ముందు ఈ ఒక్క పని చేసుంటే ఆ డబ్బు మిగిలేది.

ఇంకోటి, కారిన పెట్రోలు నీళ్ళలా మడుగు కట్టక్కర్లేదు, ఆవిరైపోతుంది. కింద తడి లేదు కాబట్టి లీక్ లేదనుకోకూడదు. దుమ్ము పట్టిన చోట కడిగినట్టు ఉండే దారి, ఎర్రటి గోధుమ రంగు మరక, జాయింట్ దగ్గర మెరుపు, ఇవే దాని అడుగుజాడలు.

ఈ సమాచారంతో మళ్ళీ అదే షెడ్డుకి వెళ్ళాం. ఈసారి ట్యాంకు ఫుల్‌గా ఉంది. నేను బాబాయ్‌కి పద్దు పుస్తకం ఫొటో చూపించాను. ఆయన నవ్వుతారేమో అనుకున్నా. నవ్వలేదు. "ఈ మాట ముందే చెప్తే బాగుండేదమ్మా. మీ నాన్నగారు 'పెట్రోల్ వాసన వస్తోంది, చూడు' అన్నారు. బండేమో ఖాళీ ట్యాంక్‌తో తెచ్చారు. ఖాళీ ట్యాంక్‌తో తెస్తే నాకేం కనబడుద్ది?" అన్నారు.

అది విన్నాక నాకు ఆయన మీద ఉన్న కోపం పోయింది. అప్పటిదాకా "ఊరికే పార్టులు మార్చి డబ్బులు లాగుతున్నాడు" అని మనసులో అనుకున్నాను. కానీ మేమే ఆయనకి సగం సమాచారం ఇచ్చాం. అనుమానం ఉన్న పార్టు మార్చడం తప్ప ఆయన చేతిలో ఇంకేం లేదు.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశారు. షెడ్డులో అవతల కూర్చున్న ఒకాయన్ని బీడీ ఆర్పమని కేకేశారు. బండిని బయట గాలి ఆడే చోట పెట్టారు. వెనక చక్రం విప్పి, టార్చ్ వేసి, తెల్ల గుడ్డతో మూత నుంచి దిగే లావు పైపుని మెల్లగా తుడుచుకుంటూ వచ్చారు. పైన వంపు దగ్గర, క్లిప్పు కింద, గుడ్డ తడిసింది. పైపుని వేలితో వంచితే పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. ఎండిన చెరువు మట్టిలా ఉంది ఆ రబ్బరు. పైనుంచి మట్టి పేరుకుపోయి ఇన్నాళ్ళు కనబడలేదు. సరిగ్గా నానమ్మ కూర్చునే సీటు వెనకే.

కొత్త పైపు, క్లిప్పులు, కూలీ కలిపి ఆరు వందలు. పాత పైపుకి ఎన్నేళ్ళు ఉంటాయని అడిగితే, "కంపెనీ నుంచి వచ్చిందే అయ్యుంటది" అన్నారు. పాతికేళ్ళ రబ్బరు. ఈ20 వల్ల ఇంకొంచెం తొందరగా పగిలిందా అంటే, ఒక్క పైపుని చూసి ఎవరూ చెప్పలేరు. ఎటు చూసినా ఎప్పుడో మార్చాల్సింది.

ఇందులో అంత కంగారు పడేదేముంది, ఆరొందల పైపే కదా అనొచ్చు. పెట్రోలు సున్నాకి దాదాపు నలభై డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. మన ఏలూరు ఎండలో ఎంత ఇస్తుందో ఊహించుకోండి. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి పోకుండా కింద పేరుకుంటుంది. ఒక స్పార్క్ చాలు. అంటుకోకపోయినా, పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. మన దేశంలో బీఎస్-6 పెట్రోల్‌లో ఒక శాతానికి మించకూడదని రూలు పెట్టింది అందుకే. మా అక్క కడుపులో బిడ్డతో దాన్ని పీలుస్తూ కూర్చుంటే మేం నిమ్మకాయ ఇచ్చాం.

కారు కన్నా పెద్ద విషయాల్లో కూడా ఇదే జరుగుతుంది. మనకి దగ్గర్లోనే, ఇప్పటి కోనసీమ జిల్లా నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు, టీవీలో కాలిపోయిన కొబ్బరి చెట్లు చూసినట్టు గుర్తు. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు అన్నట్టు పేపర్లలో వచ్చింది. మా కారుని దానితో పోల్చడం లేదు, అంత పెద్ద దుఃఖాన్ని నా వాదనకి వాడుకోవడం కూడా నాకిష్టం లేదు. ఒక్కటే అంటాను. వాసన వస్తోందని చెప్పిన మనిషి మాటకి ఎవరు, ఎంత తొందరగా కదిలారు అనేది చిన్న కారులోనైనా, పెద్ద పైప్‌లైన్ దగ్గరైనా ముఖ్యం. మన ఇంట్లో సిలిండర్ గ్యాస్‌కి ఆ కంపు సహజంగా ఉండదు, లీకైతే తెలియాలని కావాలనే కలుపుతారు. ముక్కు పనికొచ్చే పరికరమని ప్రపంచం అంతా ఒప్పుకున్నట్టే కదా! మరి ఆ ముక్కు నానమ్మదైతే ఎందుకు ఒప్పుకోం?

దీనికి ఎదురు వాదన కూడా విన్నాను. హాస్టల్‌లో ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఇంత తలనొప్పి ఎందుకే, అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చుగా." కొనగలిగితే మంచిదే. కొత్త కార్లలో పైపులు, సీళ్ళు మెరుగ్గా ఉంటాయి, బ్రేకులు, ఎయిర్ బ్యాగులు కూడా. కానీ మా చెరువు మీద వచ్చే డబ్బు నా ఫీజుకి, అక్క డెలివరీకి, కౌలుకి సరిపోవాలి. మా ఊళ్ళో పాత కార్లు సరదాకి ఉంచుకున్నవి కాదు. పైగా మేం అమ్మేస్తే ఆ కారు మాయమైపోదు, పగిలిన పైపుతో ఇంకో నానమ్మ ఎక్కే కారు అవుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. బండి పాతదవడం తప్పు కాదు. పాతదని దాని మాట వినకపోవడం తప్పు. రబ్బరుకి వయసుంటుంది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతాం గానీ రబ్బరుకి ఎన్నేళ్ళో అడగం. ఆర్‌సీ రెన్యువల్ అప్పుడైనా పెట్రోలు వెళ్ళే ప్రతి రబ్బరు పైపునీ ఒకసారి వంచి చూపించమని మీ మెకానిక్‌ని అడగండి. పాత బళ్ళలో రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పినప్పుడు, ఏ భాగాలు చూసుకోవాలో తెలుగులో ఒక చిన్న బోర్డు ప్రతి బంకులో పెట్టాలని కూడా నేను కోరుకుంటున్నాను. నాన్న లాంటి వాళ్ళు మంత్రిత్వ శాఖ ప్రకటనలు చదవరు, బంకులో బోర్డు మాత్రం చదువుతారు.

వాసన బాగా ఎక్కువగా ఉంటే మాత్రం పద్దు పుస్తకాలు, పరీక్షలు ఏమీ వద్దు. బండి పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, అందరినీ దింపేసి దూరంగా నిలబడండి. మళ్ళీ స్టార్ట్ చేసి చూద్దాం అనొద్దు, మెకానిక్‌ని అక్కడికే పిలిపించండి. లైటర్ వెలిగించి వెతికే తెలివితేటలు ఎవరికీ ఉండవనే అనుకుంటాను, అయినా చెప్తున్నాను. మేం పెట్టిన పరీక్షలో కూడా రిస్క్ ఉంది. ఇప్పుడైతే ఫుల్ ట్యాంక్ కొట్టించాక రోడ్డెక్కం, సరాసరి షెడ్డులోనే పరీక్షిస్తాం. ఆ రోజు ఏమీ కాలేదు కదా అని అది తెలివైన పని అనను.

మనం ఇక్కడ నాలుగేళ్ళు డీబగ్గింగ్ నేర్చుకుంటాం. ఎర్రర్ వస్తే స్క్రీన్‌షాట్ తీస్తాం, ఎప్పుడు వచ్చిందో రాస్తాం, మళ్ళీ రప్పించి చూస్తాం. ఇంటికెళ్ళగానే అమ్మ "మిక్సీ వేడెక్కుతోంది" అంటే, తాతయ్య "ఫ్యాన్ వాసనొస్తోంది" అంటే మాత్రం "పాతది కదా" అంటాం. చదువు ల్యాబ్‌లో వదిలేసి వెళ్తున్నామన్నమాట. నేను అలాగే వదిలేశాను, రెండు నెలలు.

పోయిన ఆదివారం అక్కని సూడిదలకి తీసుకురావడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఏడో నెల. నాన్న ఏమీ అనకుండా ఫుల్ ట్యాంక్ కొట్టించారు. వచ్చేటప్పుడు నానమ్మ తన సీట్లోనే కూర్చుంది, పక్కన అక్క. ఏలూరు దగ్గరికి వచ్చాక నాన్న అద్దంలోంచి వెనక్కి చూసి అడిగారు, "ఏమ్మా, ఏమైనా వాసనొస్తోందా?"

నానమ్మ కాసేపు గాలి పీల్చి చూసింది. "చేపల వాసన తప్ప ఏం లేదురా" అంది.

నాకైతే అదీ తెలియలేదు.